బాలింత పళ్లెంలో ఏ ఉప్పు, ఏ చేప, ఏ పథ్యం: థైరాయిడ్ లెక్కతో ఒక పోలిక

నా రెండు పురుళ్లూ రెండు చోట్ల జరిగాయి. మొదటిది కనిగిరి దగ్గర మెట్ట పల్లెలో, అమ్మావాళ్లింట్లో. రెండోది నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, అత్తగారింట్లో. మొదటిసారి నా పళ్లెంలో సజ్జ రొట్టె, తెల్లగడ్డ కారం, నెయ్యి, పాత చింతకాయ తొక్కు. మూడు నెలలు పెరుగు మొహం చూడలేదు. చేపల గంప వీధిలోకి వస్తే మా అవ్వ తలుపేసేది. రెండోసారి పురుడు వెళ్లిన నాలుగో రోజుకే అత్తమ్మ పాలసొర అనే సొరచేప తెప్పించి, ఉడికించి చిదిపి పుట్టు చేసింది. "తినమ్మాయ్, పాలు పొంగుతాయి" అని పక్కన కూర్చుని మరీ తినిపించింది.

రెండు ఇళ్లూ ప్రేమతోనే పెట్టాయి. కాకపోతే మొదటి బిడ్డకి నాలుగో నెల వచ్చేసరికి నాకు ఊరికే గుండె దడ, చెమటలు. ఇంకో రెండు నెలలకి అంతా తిరగబడింది. దువ్వెన నిండా జుట్టు, పగలు కూడా ముంచుకొచ్చే నిద్ర, ఎండాకాలంలో చలి. "బాలింత నీరసంలేమ్మే, ఇంకో కాయం ఉండ తిను" అనేది అవ్వ. రక్తం పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంది, అంటే థైరాయిడ్ పని మందగించింది. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడైటిస్, అంటే గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి వాపు అన్నారు.

ఆ పథ్యం వల్లే నాకు ఆ జబ్బు వచ్చిందని నేను అనడం లేదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి థైరాయిడ్ గ్రంథి మీద పడటం వల్ల వచ్చేది అది. కాన్పయిన ఏడాదిలోపు నూటికి సుమారు అయిదుగురికి వస్తుంది. తిండితో రాదు, తిండితో పోదు. కానీ తల్లి తిండి చేసే పని ఒకటి ఉంది. గ్రంథికి కావలసిన సరుకు అందించడం. ఆ సరుకు తల్లికి తక్కువైతే పాలు తాగే బిడ్డకీ తక్కువవుతుంది. నేను ఈ పోలిక రాస్తున్నది దాని గురించే: మన ప్రకాశం, నెల్లూరు వైపు బాలింత ముందుకొచ్చే తిండ్లలో ఏది ఉంచాలి, ఏది మార్చాలి, ఏది మానాలి.

ముందు అయోడిన్ లెక్క

థైరాయిడ్ హార్మోన్ తయారీకి అయోడిన్ కావాలి. ఆ హార్మోన్ రెండు రూపాల్లో టీ4 అనే పేరులో ఉన్న నాలుగు, టీ3లో ఉన్న మూడు, అయోడిన్ పరమాణువుల లెక్కే. రక్తంలో తిరిగే అయోడిన్‌ని లోపలికి లాక్కునే పంపు లాంటిది ఒకటి థైరాయిడ్ గ్రంథికి ఉంటుంది. పాలిచ్చే రోజుల్లో సరిగ్గా అలాంటి పంపే రొమ్ముల్లోనూ పనిచేస్తుంది. తల్లి తిన్నదాంట్లోంచి రొమ్ము తన వాటా లాగి పాలల్లో పెడుతుంది, మిగిలింది తల్లి గ్రంథికి. బిడ్డ గ్రంథిలో నిల్వ చాలా తక్కువ కాబట్టి వాడికి రోజూ రోజుకూలి లాగా అందాల్సిందే. ఆరు నెలల వరకూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టని బిడ్డకి వేరే దారి లేదు. మెదడు వేగంగా పెరిగే కాలం కూడా అదే.

అందుకే మామూలు ఆడమనిషికి రోజుకి 140 మైక్రోగ్రాముల అయోడిన్ చాలన్న మన జాతీయ పోషకాహార సంస్థ, 2020 పట్టికలో పాలిచ్చే తల్లికి 280 అని రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క 250. ఏది పట్టుకున్నా దాదాపు రెట్టింపు.

ఇప్పుడు ఉప్పు డబ్బా తీద్దాం. చట్టప్రకారం అయోడిన్ ఉప్పు కొనేవాళ్ల చేతికి వచ్చేసరికి గ్రాముకి 15 మైక్రోగ్రాములకు తగ్గకూడదు. ఫ్యాక్టరీ దగ్గర 30. రోజుకి అయిదు గ్రాముల ఉప్పు దాటొద్దంటున్నారు కాబట్టి తక్కువలో తక్కువ వచ్చేది 75, ప్యాకెట్ తాజాగా ఉంటే 150. వంటలో అయిదో వంతు దాకా పోతుంది. అంటే ఉప్పు పునాది వేస్తుంది, ఇల్లు కట్టదు. మిగతాది పాలు, పెరుగు, గుడ్డు, సముద్రపు చేప నుంచి రావాలి. మన పథ్యం సరిగ్గా ఆ నాలుగింటినే మాన్పిస్తుంది, కొన్ని ఇళ్లల్లో ఉప్పు కూడా తగ్గిస్తారు. నా మొదటి పురుడు ఈ లెక్కలో చూసుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

ప్యాకెట్ ఉప్పా, కల్లుప్పా, సైంధవమా?

"సముద్రం పక్కనే ఉన్నోళ్లం, మనకి అయోడిన్ తక్కువేంది?" అని మా మామయ్య వాదన. కనుపర్తి, ఇస్కపల్లి, కృష్ణపట్నం వైపు ఉప్పు మడులు చూస్తూ పెరిగినవాళ్లందరూ ఇదే అంటారు. ప్రకాశం పంతులు 1930లో దేవరంపాడు శిబిరం పెట్టి ఉప్పు వండించిన నేల ఇది, ఉప్పు మీద మనకి కొంచెం అభిమానం ఎక్కువే. కానీ అయోడిన్ విషయంలో ఆ అభిమానం పనికిరాదు. లీటరు సముద్రపు నీళ్లలో ఉప్పు 35 గ్రాములు, అయోడిన్ మహా అయితే 60 మైక్రోగ్రాములు. అదంతా ఉప్పులోనే మిగిలిందనుకున్నా గ్రాముకి రెండు కూడా రాదు. మడిలో తెల్లగా మెరిసే ఉప్పుకి, అయోడిన్ చల్లిన ఉప్పుకి తేడా ఎనిమిది రెట్ల పైనే.

సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు సంగతీ అంతే. వాటిని అమ్మేవాళ్లు ఎనభై ఖనిజాలున్నాయంటారు. మనకి కావలసిన ఒక్కటీ చెప్పుకోదగ్గంత లేదు. ఇంట్లో ఎవరికైనా సైంధవమే కావాలంటే వాళ్ల పళ్లెంలో వేసుకోనివ్వండి, బాలింత కూరలోకి మాత్రం వద్దు.

కల్లుప్పులో రెండు రకాలున్నాయి. సంచిలో విడిగా అమ్మేది ఒకటి, "అయోడైజ్డ్" అని ముద్రేసి ప్యాకెట్లో వచ్చేది ఇంకొకటి. మొదటిది బాలింత వంటలోకి వద్దు. తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మడాన్ని 2006 మే 17 నుంచి దేశమంతా నిషేధించారు గానీ, ఊరగాయల పేరుతో, పశువుల పేరుతో విడి ఉప్పు వంటింట్లోకి వస్తూనే ఉంటుంది. రెండోది వాడొచ్చు, కానీ మట్టి ఉందని నీళ్లతో కడిగితే పైన పట్టిన అయోడిన్ కాలవలోకి పోతుంది. మా అమ్మ చేసేది అదే. మంచి ప్యాకెట్ కొనేది, శుభ్రం పేరుతో కడిగేది, పొయ్యి పక్కన మూతలేని జాడీలో పోసేది.

నా ఎంపిక: మామూలు అయోడిన్ మెత్తుప్పు, చిన్న ప్యాకెట్, మూత బిగిసే డబ్బా, పొయ్యికి దూరంగా. పులుసైనా పప్పైనా దించే ముందు ఉప్పు. ఇనుము కూడా కలిపిన డబుల్ ఫోర్టిఫైడ్ ఉప్పు దొరికితే బాలింతకి అది ఇంకా మేలు. ఇనుము సంగతి కింద చెప్తాను. మీ ఇంట్లో ఉప్పు మీద అనుమానముంటే ఆశా కార్యకర్తని అడగండి. చిటికెడు ఉప్పు మీద ఒక చుక్క వేస్తారు, అయోడిన్ ఉంటే నీలంగా మారుతుంది. మా అమ్మకి నా మాట కంటే ఆ చుక్కే బాగా పనిచేసింది.

బీపీ ఉన్న బాలింతలు ఉప్పు తగ్గించాలి, నిజమే. తగ్గించేది ఉప్పుని, అయోడిన్‌ని కాదు. తక్కువ ఉప్పే వేసుకుని, ఆ తగ్గింది పాలూ గుడ్డూ చేపలతో భర్తీ చేసుకోవాలి.

సజ్జ రొట్టెకి, అన్నానికి మధ్య

మెట్ట వైపు వాళ్లకి ఇది చెప్పక తప్పదు. సజ్జల్లో విటెక్సిన్ లాంటి పదార్థాలుంటాయి, అవి థైరాయిడ్ హార్మోన్ తయారీకి కొంచెం అడ్డం పడతాయి. సూడాన్‌లో సజ్జలే ముఖ్యాహారంగా, అయోడిన్ తక్కువగా ఉన్న ప్రాంతాల్లో గొంతు దగ్గర థైరాయిడ్ ఉబ్బే గాయిటర్ ఎక్కువగా కనపడటానికి ఇదో కారణమని తేల్చారు. ఈ మాట వినగానే సజ్జలు మానేయొద్దు. అక్కడ రెండూ కలిశాయి: మూడు పూటలా అదే తిండి, పైగా అయోడిన్ కరువు. మనం అయోడిన్ ఉప్పు వాడుతూ రోజుకొక పూట సజ్జ రొట్టె తింటే భయం లేదు. సజ్జల్లో ఇనుము బాగా ఉంటుంది, బాలింతకి మంచిదే. ఈ మధ్య చిరుధాన్యాల మోజులో టౌన్లో వాళ్లు సైంధవ ఉప్పు వేసుకుని మూడు పూటలా చిరుధాన్యాలే తినడం చూస్తున్నాను. నాకు భయం వాళ్లతోనే, మా కనిగిరి అవ్వలతో కాదు.

క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి మీదా ఇలాంటి పుకార్లే. పచ్చివి గిన్నెలకొద్దీ తినేవాళ్లకే ఆ మాట. ఉడికిస్తే వాటిలో అడ్డుపడే గుణం చాలావరకు పోతుంది. మనం క్యాబేజీ పచ్చిగా ఎక్కడ తింటాం?

చేపల దగ్గర ఆగుదాం

నెల్లూరు జిల్లాలో చేప గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. కానీ బాలింతకి ఏ చేప అన్న దగ్గర మూడు అభిప్రాయాలున్నాయి: అసలే వద్దని, పాలసొరే కావాలని, ఏదైనా ఒకటేనని. నా లెక్కలో మూడూ తప్పే.

అసలే వద్దనే వాళ్లు బిడ్డకి మందం చేస్తుందని, కుట్లు చీము పడతాయని అంటారు. చేప తింటే కుట్లు చీము పట్టవు. మాంసకృత్తులు లేకపోతేనే పుండు మానడం ఆలస్యమవుతుంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలు కంటే రోజుకి 600 కేలరీలు, దాదాపు 17 గ్రాముల మాంసకృత్తులు ఎక్కువ కావాలి. కారమూ నెయ్యీ అన్నంతో కేలరీలు రావొచ్చు గానీ మాంసకృత్తులు రావు.

పాలసొర దగ్గరికి వస్తే, అత్తమ్మ నన్ను క్షమించాలి. పాలు పడతాయన్న నమ్మకంతోనే ఆ చేపకి ఆ పేరొచ్చింది. సొర సముద్రంలో వేటాడి బతికే చేప. చిన్న చేపల ఒంట్లోని పాదరసం వాటిని తిన్న పెద్ద చేపలో పోగుపడుతుంది, ఏళ్లకేళ్లు. ఆ పాదరసం కొంత పాలల్లోకి దిగుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ గర్భిణులు, పాలిచ్చే తల్లులు మానాల్సిన చేపల పట్టికలో సొర ఉంది. ఒకసారి పుట్టు తిన్నందుకు ఏమీ కాదు. నేనూ తిన్నాను, బిడ్డ బాగానే ఉన్నాడు. కానీ మూడు నెలలు వారం వారం పెట్టే అలవాటుంటే అది మార్చుకోవాలి. పాలు పడటానికి సొర కంటే బిడ్డని గంటగంటకీ రొమ్ముకి పట్టడం, కడుపు నిండా తినడం, దాహం తీరా తాగడం ముఖ్యం. వంజరం కూడా చేపల్ని తిని బతికేదే. రుచి కోసం నెలలో ఒకటి రెండుసార్లు చాలనుకుంటాను.

మిగిలింది "ఏదైనా ఒకటే" అనే మాట. చెరువు చేపకి, సముద్రపు చేపకి అయోడిన్‌లో బాగా తేడా ఉంది. కొరమేను, బొచ్చె, శీలావతి మంచి మాంసకృత్తులే, వాటిలో సెలీనియం అనే ఖనిజం కూడా ఉంటుంది. థైరాయిడ్ హార్మోన్‌ని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైములకి అది కావాలి. కానీ అయోడిన్ మాత్రం సముద్రపు చేపలోనే ఎక్కువ. అందులో కూడా నేను పెట్టమనేది చిన్న చేప: నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, కొంచెం డబ్బుంటే చందువా. చిన్న చేపలో పాదరసం తక్కువ, ధర తక్కువ, ముళ్లతో సహా నమిలే నెత్తళ్లల్లో కాల్షియం కూడా వస్తుంది. వారానికి రెండు మూడు పూటలు, మొత్తం మీద పావు కిలో నుంచి మూడు వందల గ్రాముల దాకా ముక్క. మామిడికాయ వేసిన మన పులుసులోనైనా సరే, కారం తగ్గిస్తే బాలింత సుఖంగా తింటుంది. రొయ్యలూ పీతలూ పడని వాళ్లు తప్ప ఎవరైనా తినొచ్చు.

ఎండు చేపలతో ఇబ్బంది ఉప్పు. వాటికి పట్టించేది ఎక్కువగా అయోడిన్ లేని ఉప్పే, అదీ దండిగా. కాన్పు సమయంలో బీపీ పెరిగిన వాళ్లు వాటి జోలికి పోకండి. మిగతా వాళ్లు నీళ్లల్లో నానబెట్టి ఎప్పుడైనా.

పథ్యంలో ఉంచేవీ, తీసేసేవీ

కాయం ఉండలో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, మెంతులు, బెల్లం, నెయ్యి. ఇందులో థైరాయిడ్‌కి హాని చేసేది ఏదీ లేదు, మేలు చేసే అయోడిన్ కూడా లేదు. ఇష్టంగా తినండి. తెల్లగడ్డ కారం అంతే. పాత చింతకాయ, నెయ్యన్నం ఉంచండి. మెంతులు మాత్రం ఇంటి మోతాదు దాటొద్దు. పాలు పెరగాలని గుళికల రూపంలో గ్రాములకొద్దీ మింగితే విరేచనాలు, చక్కెర పడిపోవడం ఉంటాయి. అదీ గాక పీచు ఎక్కువున్నది ఏదైనా థైరాయిడ్ మాత్రని ఒంటికి పట్టనివ్వదు.

తీసేయాల్సింది నిషేధాల పట్టిక. "పచ్చి ఒంటికి పెరుగేంది? బిడ్డకి జలుబు చేసి సావదూ?" అని మా అవ్వ. పెరుగులో అయోడిన్ ఉంది, కాల్షియం ఉంది, బీ12 ఉంది. చల్లగా ఇష్టం లేకపోతే ఫ్రిజ్‌లోది కాకుండా అప్పుడే తోడుకున్నది తినొచ్చు, మజ్జిగని మిరియాలేసి వెచ్చబెట్టి చారు చేసుకోవచ్చు. గుడ్డు ఒక్కటి సుమారు 25 మైక్రోగ్రాముల అయోడిన్ ఇస్తుంది. అంగన్‌వాడీలో బాలింతకని ఇచ్చే గుడ్లూ పాలూ ఇంట్లో పిల్లకాయలకి, మామలకి పోతుంటాయి. ఆ గుడ్డు బాలింతదే, ఆ మాట ఇంట్లో గట్టిగా చెప్పాల్సింది భర్త.

నీళ్లు తక్కువ తాగమనడం మరీ ఘోరం. మన వేసవిలో, పాలిచ్చే మనిషికి!

పథ్యంతో కడుపు మాడ్చుకునే బాలింతలు ఒక వైపుంటే, ఒంగోలు, నెల్లూరు టౌన్లలో రెండో నెలకే ఒళ్లు తగ్గాలని అన్నం మానేసే అమ్మాయిలు ఇంకో వైపు. ఇద్దరి గ్రంథికీ తెలిసేది ఒక్కటే: తిండి రావడం లేదని. కేలరీలు బాగా తగ్గితే ఒళ్లు పొదుపులోకి దిగి టీ3ని తగ్గించేస్తుంది. నీరసం, చలి, పాలు తగ్గడం అక్కడ మొదలవుతాయి. ఒళ్లు తగ్గడానికి ఆరు నెలలు ఆగొచ్చు.

ఇనుము సంగతి చెప్తానన్నాను కదా. అయోడిన్‌ని హార్మోన్‌గా అతికించే ఎంజైము ఇనుము ఉంటేనే పనిచేస్తుంది. రక్తం తక్కువున్న బాలింతకి ఎంత అయోడిన్ పెట్టినా పూర్తి ఫలితం రాదు. మునగాకు, తోటకూర, మాంసం, కార్జం వారానికొకసారి, పక్కన నిమ్మకాయ. సర్కారు ఇచ్చే ఐరన్ మాత్ర కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి.

చేప, గుడ్డు ముట్టని ఇళ్లల్లో

ఇక్కడ ఎంపిక సన్నగా ఉంటుంది. అయోడిన్ ఉప్పు తప్పనిసరి, రోజుకి అరలీటరు పాలూ పెరుగూ కలిపి. అదీ తాగలేని వాళ్లు డాక్టర్ని అడిగి 150 మైక్రోగ్రాముల అయోడిన్ ఉన్న విటమిన్ మాత్ర వేసుకోవచ్చు. సీసా వెనక చూడండి. బాలింతలకని అమ్మే చాలా మాత్రల్లో ఐరన్, ఫోలిక్ యాసిడ్, డీ ఉంటాయి గానీ అయోడిన్ ఉండదు. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్న వాళ్లు అయోడిన్ మాత్ర సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఇంకోటి, సముద్రపు నాచు గుళికలు. ఆన్‌లైన్‌లో థైరాయిడ్‌కి మంచిదని అమ్ముతున్నారు. అవి వద్దు. అయోడిన్ ఎక్కువైనా గ్రంథి పని ఆపేస్తుంది, పాల ద్వారా బిడ్డ గ్రంథి కూడా. కొరియాలో బాలింతలకి నాచు సూప్ రోజూ పెట్టే ఆచారముంది. అక్కడ కొందరు పసిబిడ్డల్లో దీనివల్ల థైరాయిడ్ మందగించడం చూశారు. మన మెంతి కాయంలాంటిదే వాళ్లకి ఆ సూప్, పాపం. తిండి సంగతి కాకపోయినా ఇక్కడే చెప్తాను. సిజేరియన్ కుట్లకి రోజుల తరబడి పూసే ఎర్రటి అయోడిన్ మందు కూడా ఒంట్లోకి ఇంకి పాలల్లోకి చేరుతుంది. డాక్టర్ చెప్పినన్ని రోజులే పూయండి, బిడ్డ బొడ్డుకి పూయొద్దు.

పొగాకు పండించే జిల్లా కాబట్టి ఇది కూడా. పొగలోని థయోసైనేట్ అనే రసాయనం రొమ్ములోని ఆ పంపుని అడ్డుకుంటుంది. పొగ తాగే తల్లుల పాలల్లో అయోడిన్ సగానికి పడిపోయిందని డెన్మార్క్‌లో కొలిచారు. చుట్ట అలవాటున్న తల్లి ఇంట్లో ఉంటే పాలిచ్చినన్నాళ్లూ అది దూరం పెట్టించాలి.

మాత్ర తెల్లారుజామునా, పడుకోబోయే ముందా?

థైరాయిడ్ తక్కువగా ఉన్న తల్లి లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) వేసుకుంటూ హాయిగా పాలివ్వొచ్చు. పాలల్లోకి దిగేది చాలా కొంచెం. "మాత్ర తింటున్నావు, డబ్బా పాలు పట్టు" అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు. థైరాయిడ్ ఎక్కువగా ఉండి వేరే మాత్రలు వాడేవాళ్లు కూడా తక్కువ మోతాదులో, డాక్టర్ చూస్తుండగా పాలివ్వొచ్చు. రేడియో అయోడిన్ వైద్యం ఒక్కటే పాలిచ్చే రోజుల్లో కుదరదు.

ఇబ్బందంతా మాత్ర పక్కన పడేవాటితో. నేను మొదటి రెండు నెలలు మాత్రని కాఫీతో మింగాను, పావుగంటకి కాల్షియం వేసుకున్నాను. టీఎస్‌హెచ్ దిగలేదు, మోతాదు పెంచారు. తప్పు మోతాదుది కాదు, నాది. లెవోథైరాక్సిన్ ఖాళీ కడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీకి అరగంట నుంచి గంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరనూ కాల్షియమూ కూడా ఒకదానికొకటి పడవు.

అందరూ పొద్దున్నే అంటారు. రాత్రి తిన్న మూడు గంటల తర్వాత వేసుకున్నా మాత్ర పనిచేస్తుంది. కానీ బాలింత రాత్రి ఎప్పుడు తింటుందో, ఎప్పుడు పడుకుంటుందో ఎవరికి తెలుసు? పైగా రాత్రి కాల్షియం దానికి అడ్డు. నాకు కుదిరింది ఇలా: తెల్లారుజామున అయిదింటికి బిడ్డ పాలకి లేచినప్పుడు మంచం పక్కన పెట్టుకున్న చెంబు నీళ్లతో థైరాయిడ్ మాత్ర. ఆరున్నరకి కాఫీ. తొమ్మిదిన్నరకి టిఫినుతో కాల్షియం. మధ్యాహ్నం అన్నం తర్వాత నిమ్మకాయ నీళ్లతో ఐరన్. రాత్రి అన్నంతో రెండో కాల్షియం. ఈ క్రమం పెట్టుకున్నాక మోతాదు మళ్లీ తగ్గించారు.

కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువ చేసిన మోతాదు కాన్పు తర్వాత మామూలుగా పాత మోతాదుకి తగ్గిస్తారు. ఇంటికి వచ్చే రోజే ఎంత వేసుకోవాలో రాయించుకోండి.

పరీక్షలు, క్లుప్తంగా

బిడ్డకి పుట్టిన రెండు మూడు రోజుల్లో మడమ దగ్గర చుక్క రక్తంతో టీఎస్‌హెచ్ చూడాలి. మన దేశంలో సుమారు వెయ్యిమందిలో ఒక బిడ్డ థైరాయిడ్ లోపంతో పుడుతుంది, పైకి ఏమీ కనపడదు. ఆ బిడ్డకి తల్లి తిండి మార్చినంత మాత్రాన సరిపోదు, మాత్ర కావాలి, వెంటనే. పాలు మాత్రం మానక్కర్లేదు.

తల్లికి, ముందే థైరాయిడ్ ఉంటే, ఆరో వారం. బిడ్డ మొదటి పెంటావాలెంట్ టీకా కూడా ఆరో వారంలోనే, ఒకే ప్రయాణంలో రెండూ అయిపోతాయి. థైరాయిడ్ లేని వాళ్లు కూడా రెండో నెల నుంచి ఏడాదిలోపు గుండె దడ, లేదా విపరీతమైన నీరసం, ఏడుపు, ఉన్నట్టుండి పాలు తగ్గడం కనిపిస్తే ఉండలు పెంచకుండా రక్తం ఇవ్వండి. నాకు ఏడాది తిరిగేసరికి మాత్ర ఆపేశారు. చాలామందికి అలాగే పోతుంది, కొందరికి ఉండిపోతుంది. అది తేలేది పరీక్షలోనే. రెండో పురుడు వెళ్లాక నన్ను అందుకే ముందునుంచీ గమనించారు, ఎందుకంటే ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మా చెల్లెలికి ఎనిమిదో నెల. పురుడు మళ్లీ అమ్మ దగ్గరే, కనిగిరి వైపే. ముందుగానే పంచాయితీ పెట్టుకున్నాం. కడిగిన కల్లుప్పు పోయింది, మెత్తుప్పు డబ్బా వచ్చింది. సజ్జ రొట్టె రాత్రి ఒక పూట. కాయం ఉండ, తెల్లగడ్డ కారం అవ్వ ఇష్టం. పొద్దున గుడ్డు. కావలి నుంచి నేను వారానికొకసారి శుభ్రం చేసిన నెత్తళ్లు ఐసులో పెట్టి పంపాలి. పెరుగు దగ్గరే చాలాసేపు ఆగింది.

"మధ్యాన్నం ఒక్క గరిటె. రాత్రికి మాత్రం ఒప్పుకోను" అంది అమ్మ.

"రెండు గరిటెలు" అన్నాను.

అవ్వ మంచం మీద నుంచి, "ఒకటిన్నర పెట్టండిమే, ఇంక లేసి పొయ్యి అంటించండి" అంది.